ఉలి పట్టిన భౌతిక శాస్త్రవేత్త



శాస్త్రవేత్తలతో జరిపే ఇంటర్వ్యూలు మీరు వినే ఉంటారు. పరిశోధన సంగతులు, బహుమతులు, కొత్త పరికరాలు అన్నీ అయిపోయాక, ఇక లేవబోతూ అడిగే ప్రశ్న ఒకటుంటుంది: తీరిక వేళల్లో ఏం చేస్తుంటారు? ఆయనో ఆవిడో కాస్త నవ్వి, పియానో వాయిస్తాననో కొండలెక్కుతాననో చెబుతారు. అంతటితో సరి. ఆ ప్రశ్నను చివరికి నెట్టడంలోనే మన లెక్క బయటపడుతోంది. పని వేరు, మిగతా బతుకు వేరు, ఆ మిగతాదంతా పనిలోని అలుపు తీర్చుకోవడానికి అని మన లెక్క. అలుపు తీర్చడమే దాని ప్రయోజనమైతే, సమయం కరువైనప్పుడు ముందు కోత పడవలసింది దానికే. పడుతోంది కూడా. ఈ లెక్క తప్పని నా వాదన. పని బయట నిష్ఠగా నేర్చిన రెండో విద్య ఒకటి ఉంటే, పనిలో ఏది అవసరం, ఎంత చాలు, ఎక్కడ ఆగాలి అన్న తూకం అక్కడి నుంచి వస్తుంది. పని తనను తాను తూచుకోలేదు. ఈ మాట గాలిలో చెబితే ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు గనుక, ఒక మనిషి జీవితాన్ని సాక్ష్యంగా పెడతాను. ఆయన రాబర్ట్ రాత్‌బన్ విల్సన్. అమెరికాలో చికాగోకు పడమటి వైపున్న ఫెర్మీ జాతీయ ప్రయోగశాలను, అందరూ ఫెర్మీల్యాబ్ అనేదాన్ని, కట్టించినవాడు. పాఠ్యపుస్తకాల్లో మేఘకోష్ఠం దగ్గర కనిపించే స్కాట్లండ్ విల్సన్ వేరు, ఆయన ముందు తరం మనిషి.

ఈ విల్సన్ 1914లో వయోమింగ్ రాష్ట్రంలో ఫ్రాంటియర్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోవడంతో ఒకచోట నిలకడగా పెరగలేదు. పశువుల రాంచ్‌లలో పనిచేశాడు. రాంచ్ అంటే కనుచూపు మేర మేతబీడు, ఊరు ఎక్కడో దూరాన. పనిముట్టు విరిగితే బజారుకు పోయి తెచ్చుకునే వీలుండదు. అక్కడే ఉన్న కొలిమిలో ఇనుము కాల్చి, సాగగొట్టి, విరిగినదాన్ని అతకాలి, లేనిదాన్ని చేసుకోవాలి. పెద్ద యంత్రాలను తన చేతులతో కట్టగలనన్న ధైర్యం ఆ కొలిమి దగ్గరే వచ్చిందని పెద్దయ్యాక ఆయన చెప్పుకున్నాడు. 1932లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఎర్నెస్ట్ లారెన్స్ సైక్లోట్రాన్ అనే కొత్త యంత్రాన్ని నడుపుతున్నాడు. విద్యుదావేశం ఉన్న కణాలను అయస్కాంతం గుండ్రంగా తిప్పుతుంటే, ప్రతి చుట్టులోనూ కొంచెం కొంచెం తోపుడు ఇచ్చి వేగం పెంచే యంత్రం అది. లారెన్స్ ప్రయోగశాలలో రాత్రింబగళ్లు పని, యంత్రం ఆగకూడదన్నది ఒక్కటే నియమం. విల్సన్ అక్కడ ఒకసారి రబ్బరు సీలు పోగొట్టాడు, దాతలకు చూపించాల్సిన రోజున సైక్లోట్రాన్ నడవలేదు. లారెన్స్ ఉద్యోగం తీసేశాడు. మళ్లీ చేర్చుకున్నాక వెల్డింగ్ చేస్తూ పటకారు కరిగించాడు, మళ్లీ తీసేశాడు. రెండోసారి కూడా తిరిగి రమ్మన్నా వెళ్లకుండా ప్రిన్స్‌టన్‌కు పోయాడు. తిరిగే ఇరుసు పక్కనుంచి శూన్యంలోకి గాలి చొరబడకుండా ఆపే ఒక సీలును ఆయన రూపొందిస్తే, అది విల్సన్ సీలు అనే పేరుతోనే ప్రయోగశాలల్లో నిలిచిపోయింది. కణ పరిశోధనలోకి ఆయన నడిచివచ్చిన దారి సమీకరణాల కంటే చేతిపనిగుండా సాగిందని నేను అనడం ఇందుకే.

ఇక్కడ ఆయన జీవితంలోని చీకటి భాగం చెప్పాలి. నా వాదనకు బలమైన సాక్ష్యం అక్కడే ఉంది. 1943లో విల్సన్ అణుబాంబు తయారీకి న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ చేరాడు. ఇరవై తొమ్మిదేళ్ల వయసు, ప్రయోగ విభాగంలో బృంద నాయకులందరిలోకీ చిన్నవాడు. కంచె లోపల ఊరు, బయటికి పోయే ఉత్తరాలపై తనిఖీ, ఊరంతటికీ చిరునామా శాంటాఫేలోని 1663 నంబరు పోస్టుబాక్సు. 1945 మొదట్లో, జర్మనీ ఓటమి దగ్గరపడుతున్నప్పుడు, ఈ బాంబు నాగరికతను ఏం చేయబోతోందన్న విషయంపై విల్సన్ తన సైక్లోట్రాన్ భవనంలో ఒక సభ పెట్టాడు. వద్దని లాస్ అలమోస్ ప్రయోగశాల డైరెక్టరు ఒపెన్‌హైమర్ నచ్చజెప్పబోయినా పెట్టాడు. సభకు ఒపెన్‌హైమర్ కూడా వచ్చాడు. ఐక్యరాజ్యసమితి ఏర్పడేలోపు ఇలాంటి ఆయుధం సాధ్యమని లోకానికి తెలియాలి, లేకపోతే రేపటి యుద్ధం రహస్య అణ్వాయుధాలతో మొదలవుతుందని వాదించాడు. విల్సన్ ఒప్పుకున్నాడు. మేలో జర్మనీ లొంగిపోయింది. ఏ భయంతో పని మొదలైందో ఆ భయమే పోయింది, పని మాత్రం ఆగలేదు. ఆ రోజు లేచి వెళ్లిపోవచ్చన్న ఆలోచనే తనకు తట్టలేదని, వెళ్లిపోయి ఉండవలసిందని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్యుమెంటరీ సినిమాలో కెమెరా ముందు చెప్పాడు. వెళ్లిపోయినవాడు ఒకడున్నాడు. పోలండ్ నుంచి వచ్చిన జోసెఫ్ రాట్‌బ్లాట్, జర్మనీ బాంబు చేయడం లేదని తేలగానే 1944 చివర్లోనే తప్పుకున్నాడు.

ఒక అభ్యంతరం ఇక్కడే వస్తుంది. లాస్ అలమోస్‌లో పని బయటి జీవితం లేదని ఎవరన్నారు? ఆదివారాలు కొండలెక్కేవారు, చలికాలం మంచుమీద స్కీయింగ్, శనివారం రాత్రులు విందులు, నాట్యాలు. అదంతా నిజమే. విల్సన్ భార్య జేన్ మరొకరితో కలిసి సంపాదకత్వం వహించి తెచ్చిన పుస్తకంలో అక్కడి స్త్రీలు ఆ జీవితాన్ని కళ్లకు కట్టినట్టు రాశారు. వంటగదిలో సతాయించే పొయ్యిల నుంచి నీటి కరువు దాకా అన్నీ ఉన్నాయి. అయితే ఆ వినోదమంతా అదే కంచెలో, అదే మనుషులతో, సోమవారం పొద్దున తిరిగి పనిలోకి దిగడానికి కావలసిన ఊపిరి కోసం సాగింది. అలుపు తీర్చిన వినోదం మనిషిని మళ్లీ అదే పనికి అప్పగిస్తుంది. పనికి ఎదురుగా నిలబడి, ఇది ఎందుకు అని అడిగే చోటు ఇవ్వదు. నేను తీరికకూ రెండో విద్యకూ మధ్య గీత గీయడం ఇందుకే. రెండో విద్యకు దాని సొంత నియమాలుంటాయి, సొంత గురువులుంటారు, అక్కడా తప్పులు పట్టేవాళ్లుంటారు. దానికి కూడా జవాబుదారీగా ఉన్న మనిషికి, ఒక పని ఎంత ఉరకలేస్తున్నా దాన్ని బయటి నుంచి చూడగల కాలూనిక ఒకటి దొరుకుతుంది.

యుద్ధం ముగిశాక విల్సన్ మళ్లీ ఆయుధాల పని జోలికి పోలేదు. 1946లో రేడియాలజీ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రోటాన్లు పదార్థంలోకి ఎంత లోతుకు పోతాయన్న లెక్క యంత్రం కట్టే ప్రతివాడూ రక్షణ గోడల కోసం వేసేదే. ఆ లెక్కనే ఆయన ఇంకో ప్రశ్నతో చూశాడు. ఎక్స్‌రే కిరణం ఒంట్లోకి దూరిన చోటి నుంచి బయటికి పోయేదాకా దారిపొడవునా కణజాలాన్ని దెబ్బతీస్తుంది. ప్రోటాన్ అలా కాక, తన శక్తిని బట్టి ఒక లోతు దాకా వెళ్లి, ఆగబోయే ముందు అక్కడే ఎక్కువ శక్తిని దింపేస్తుంది. మరైతే ఒంటి లోపలి కణితిని, పక్కన ఉన్నవాటికి పెద్దగా హాని లేకుండా కొట్టవచ్చు కదా అన్నది ఆయన సూచన. 1954లో బర్క్‌లీలో తొలి రోగికి ఈ చికిత్స చేశారు. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండా ఆసుపత్రిలో ఈ చికిత్స కోసమే ఒక కేంద్రం తెరిచినప్పుడు, దానికి కావలసిన త్వరణ యంత్రాన్ని తయారుచేసి ఇచ్చింది ఫెర్మీల్యాబే. మన వాళ్లు వైద్యానికి వెళ్లే చెన్నైలో 2019 నుంచి ప్రోటాన్ చికిత్స అందుతోంది. దాని మూలం వెతుక్కుంటూ పోతే బాంబు పని నుంచి బయటపడ్డ ఏడాదికే ఈ మనిషి రాసిన ఆ వ్యాసం తగులుతుంది.

1947 నుంచి ఇరవై ఏళ్లు కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒకదాని తర్వాత ఒకటిగా ఎలక్ట్రాన్ సింక్రోట్రాన్లు అనే త్వరణ యంత్రాలు కట్టాడు. ఆ మధ్యలోనే శిల్పం పట్టుకున్నాడు. సరదాకు బంకమట్టి పిసకడంతో సరిపెట్టుకోలేదు, 1961లో ఇటలీ వెళ్లి ఫ్లారెన్స్ లలితకళల అకాడమీలో విద్యార్థిగా కూర్చున్నాడు. అప్పటికి ఆయన నలభై ఏడేళ్ల ప్రొఫెసరు, ప్రయోగశాల డైరెక్టరు. రాతిలో చెక్కేసిన ముక్కను తిరిగి అతికించలేం. లోపలి రూపానికి ఎంత రాయి చాలో, ఎంత అనవసరమో చేతికి తెలియాలి. సరిగ్గా ఆ తెలివే 1960ల నడుమ అమెరికా కణశాస్త్రానికి కావలసి వచ్చింది. బర్క్‌లీ వాళ్లు 20,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ యంత్రానికి నమూనా గీశారు. భద్రంగా, బరువుగా, విపరీతమైన ఖర్చుతో ఉంది. విల్సన్ దాన్ని ఘాటుగా విమర్శించి, చాలా తక్కువలో కట్టవచ్చని తన లెక్కలు పంపాడు. 1967లో ఆ యంత్రాన్ని కట్టే బాధ్యత ఆయన మీదే పడింది. మంజూరైంది 25 కోట్ల డాలర్లు. కణాలను వంచే అయస్కాంతాలను, గుదిగుచ్చే అయస్కాంతాలను విడివిడిగా పెట్టి, ఒక్కొక్కదాన్ని చిన్నది చేశాడు. ఇనుము తగ్గింది, రాగి తగ్గింది. రెండు కిలోమీటర్ల వ్యాసం ఉన్న ఆ వలయపు సొరంగంలో మాత్రం, ముందు ముందు ఇంకో వలయం పెట్టుకోవడానికి చోటు వదిలాడు. 1980లలో టెవట్రాన్ అనే అతివాహక యంత్రం కూర్చున్నది ఆ ఖాళీలోనే. 1995లో టాప్ క్వార్క్ అనే మూలకణం అక్కడే బయటపడింది. ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో రెండూ తెలిసిన చెయ్యి అది. ఆ తెలివి శిల్పం నుంచే వచ్చిందని ఎలా రుజువు చేస్తారని అడగవచ్చు. గణితంలా రుజువు చేయలేను. అయితే ఒకే మనిషి ఒకే కాలంలో రెండు చోట్లా ఒకే తీరులో నిర్ణయిస్తుంటే, వాటిని రెండు వేరు గదుల్లో పెట్టి తాళం వేయడానికి కారణం నాకు కనిపించదు.

ఆ పని తీరు దగ్గరగా చూడాలంటే ఫెర్మీల్యాబ్ ప్రధాన భవనం ముందున్న కొలను దగ్గర నిలబడాలి. నీటి మధ్య నుంచి 32 అడుగుల స్టెయిన్‌లెస్ స్టీలు స్తంభం లేస్తుంది. దాన్ని విల్సన్ తన చేతులతో వెల్డ్ చేశాడు. డైరెక్టరైనంత మాత్రాన వర్క్‌షాపులో వెల్డింగ్ చేయడానికి యూనియన్ నియమాలు ఒప్పుకోవు. అందుకని నేర్చుకునే పనివాడిగా వెల్డర్ల యూనియన్‌లో చేరి, తన ప్రయోగశాలలోనే ఒక వెల్డరు దగ్గర అప్రెంటిస్‌గా, మధ్యాహ్న భోజన విరామాల్లో, పని వేళలు దాటాక, ఆ రేకులను ఒకటొకటిగా అతికాడు. స్తంభానికి ఇటాలియన్‌లో పెట్టిన పేరు రోమ్‌లో చెప్పుకునే ఒక కథను గుర్తుచేస్తుంది. 1586లో సెయింట్ పీటర్ చౌకులో పెద్ద రాతి స్తంభాన్ని మోకులతో నిలబెడుతున్నారు, ఎవరైనా నోరు విప్పితే మరణశిక్ష అని చాటింపు వేశారు. రాపిడికి మోకులు తెగబోతుండగా గుంపులోని ఒక నావికుడు ఆగలేక, మోకులకు నీళ్లు పట్టండని అరిచాడట; ఆ అరుపే స్తంభం పేరు. తడిసిన మోకు బిగుస్తుందని ఓడ మీద బతికినవాడికి తెలుసు, ఇంజనీర్లకు తట్టలేదు. చరిత్రకారులు ఈ కథను ఎంతవరకు నమ్ముతారన్నది వేరే సంగతి. ఒక త్వరణ యంత్ర నిర్మాత తన భవనం ముందు నిలబెట్టడానికి ఈ కథనే ఎంచుకోవడం నాకు ముఖ్యం.

ఇప్పుడు ఎదురు సాక్ష్యం. 1971లో ఆ వలయాన్ని నడపబోతే అయస్కాంతాలు వరసగా కాలిపోయాయి. వెయ్యికి పైగా ఉన్నవాటిలో మూడు వందలకు మించి మార్చవలసి వచ్చింది. చల్లని సొరంగంలో వేసవి తేమ చెమర్చి, విద్యుత్ బంధకంలోని పగుళ్లలోకి దిగింది. పొదుపు కోసం తొందరపడ్డాడు, కళాకారుడి సాహసం ఇంజనీరు జాగ్రత్తను మింగేసింది అని అప్పుడే విమర్శించారు. ఆ విమర్శలో సగం ఒప్పుకోవాలి. మొదటిసారి మీట నొక్కగానే పనిచేసిందంటే ఆ యంత్రాన్ని అవసరానికి మించి కట్టినట్టేనని, దానికి ఎక్కువ డబ్బూ ఎక్కువ కాలమూ పోసినట్టేనని విల్సన్ నమ్మకం. ఆ నమ్మకానికి ధర ఉంది, దాన్ని ఆ శీతాకాలమంతా సొరంగంలో అయస్కాంతాలు మోసిన ఉద్యోగులు చెల్లించారు. మిగతా సగం ఒప్పుకోను. 1972 మార్చి 1న యంత్రం అనుకున్న శక్తిని అందుకుంది. ఆ ఏడాది తిరక్కముందే దానికి రెట్టింపు శక్తికి చేరింది. మంజూరైన సొమ్ము దాటలేదు. ఇంత పెద్ద శాస్త్ర నిర్మాణాల్లో ఈ మాట ఎన్నింటి గురించి అనగలం?

రెండో ఆక్షేపణ డబ్బు గురించే, ఇంకో వైపు నుంచి. ప్రజల సొమ్ముతో కట్టే ప్రయోగశాలలో శిల్పాలెందుకు, గ్రీకు అక్షరం 'పై' ఆకారంలో కరెంటు స్తంభాలెందుకు, ఫ్రాన్స్‌లోని బోవే చర్చిని తలపించే పదహారు అంతస్తుల భవనమెందుకు? దీనికి జవాబు 1969 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు విల్సన్ ఇచ్చిన సాక్ష్యంలో ఉంది. ఈ యంత్రం దేశ రక్షణకు ఏమైనా పనికొస్తుందా అని సెనెటర్ పాస్టోర్ అడిగాడు. అవునంటే డబ్బు సులువుగా వస్తుంది. రష్యాతో పోటీ రోజులవి. విల్సన్ లేదన్నాడు. ఏమాత్రం లేదా అని సెనెటర్ మళ్లీ అడిగితే మళ్లీ లేదన్నాడు. మనం మంచి చిత్రకారులమా, మంచి శిల్పులమా, గొప్ప కవులమా అన్న ప్రశ్నలకు చెందిన పని ఇది, దేశాన్ని కాపాడటానికి నేరుగా ఉపయోగపడదు గాని, కాపాడుకోదగ్గ దేశంగా నిలపడానికి పనికొస్తుంది అన్న అర్థంలో చెప్పాడు. ఈ జవాబును ఎంతోమంది ఎన్నోచోట్ల ఎత్తి చెప్పారు. అది చమత్కారంగా పుట్టిన మాట కాదన్నది ఎవరూ పట్టించుకోరు. ఫిజిక్సు తప్ప ఇంకేదీ ఎరగని మనిషి దగ్గర ఆ పోలిక ఉండదు. ఆ పేర్లలో శిల్పం ఆయన తానే చేసే పని. లాస్ అలమోస్‌లో తట్టని ప్రశ్న, ఇది ఎందుకు అన్న ప్రశ్న, పాతికేళ్లకు ఆ గదిలో ఎదురైతే దానికి అబద్ధం చెప్పకుండా నిలబడగలిగాడు.

అందం పేరుతో మనుషుల్ని మరిచాడా అంటే అదీ లేదు. 1968 మార్చిలో, ఇంకా యంత్రానికి శంకుస్థాపన కూడా కానప్పుడు, విల్సన్, ఆయన ఉప డైరెక్టరు ఎడ్విన్ గోల్డ్‌వాసర్ కలిసి ఒక ప్రకటన చేశారు. సాంకేతిక సౌలభ్యానికీ మానవ హక్కులకూ పోటీ వస్తే మానవ హక్కుల పక్షాన నిలబడతామన్నారు. చికాగో నుంచి నల్లజాతి యువకులను తీసుకుని, టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌కు పంపి, టెక్నీషియన్లుగా తర్ఫీదు ఇప్పించారు. వలయం చుట్టూ ఉన్న 6,800 ఎకరాల భూమిలో విల్సన్ 1969లో బైసన్ దున్నలను తెచ్చి వదిలాడు, ఆ మంద ఇప్పటికీ ఉంది. స్థానిక గడ్డిమైదానాన్ని తిరిగి పెంచుదామని వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బెట్జ్ వచ్చి, దానికి ఎన్నో దశాబ్దాలు పడుతుందని సందేహిస్తే, అంత కాలం పట్టేదైతే ఈ మధ్యాహ్నమే మొదలెడదామన్నాడట. పక్కనే అరోరా ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే చికాగో తెలుగువాళ్లకు ఆ గడ్డిమైదానం, ఆ దున్నలు కూతవేటు దూరం.

ఇంకో అభ్యంతరం మిగిలింది. పని తప్ప మరోటి పట్టని మహానుభావులు లేరా? ఉన్నారు. బర్క్‌లీలో లారెన్స్‌కు యంత్రమే లోకం, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, విల్సన్‌కు రాలేదు. కొత్త విషయం కనిపెట్టడానికి రెండో విద్య తప్పనిసరి అని నేను అనడం లేదు. ఏది కట్టాలి, ఎంతలో కట్టాలి, ఎవరి కోసం, ఎప్పుడు కాదనాలి అని నిర్ణయించే స్థానంలోకి వచ్చినవాడి గురించి నా మాట. ఈరోజుల్లో కణ పరిశోధన అంటే వేలమంది కలిసి చేసే పని. అందులో ఆ స్థానాలు ఒకటి రెండు కావు, ప్రతి పరికరం దగ్గరా ఎవరో ఒకరు ఆ నిర్ణయం తీసుకోవాలి. విల్సన్ 1978లో రాజీనామా చేసింది కూడా అలాంటి నిర్ణయంతోనే. అతివాహక వలయానికి ప్రభుత్వం ఇస్తున్న డబ్బు చాలదని, ఆ అరకొరతో నెట్టుకురావడం కుదరదని కుర్చీ వదిలేశాడు. 1945లో చేయలేని పని అప్పుడు చేశాడు.

మన ఇళ్లలో వినబడే అభ్యంతరం వేరు. ముందు సీటు రానివ్వండి, తర్వాత వీణో బొమ్మలో చూసుకోవచ్చు, విల్సన్ కాబట్టి చెల్లింది అంటారు తల్లిదండ్రులు. ఈ భయాన్ని తీసిపారేయలేను. ఒక్క ర్యాంకు తేడాతో ఇంటిల్లిపాదీ చేసిన అప్పు వృథా అవుతుందేమోనన్న బెంగ నిజమైనది. కానీ విల్సన్ జీవితంలో వరస చూడండి. కొలిమి ముందు, బర్క్‌లీ తర్వాత. ఉలి ఆలస్యంగా పట్టినా, పట్టింది అప్పటికే కుదురుకున్న చెయ్యి. మన దగ్గర ఇంటర్మీడియట్ మొదటి ఏడాది, పదహారో ఏట, పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా కాలేజీ టైంటేబుల్ పడగానే, ఇంట్లో వీణ బీరువా మీదికి చేరుతుంది. సరళీస్వరాలు, అలంకారాలు దాటి, వర్ణాలు అయి, అప్పుడప్పుడే కీర్తనల్లోకి అడుగుపెట్టిన పిల్లది ఆ వీణ. దాన్ని మానేస్తే వారానికి మూడు గంటలు మిగులుతాయి. తీగ శ్రుతి తప్పితే ఎవరూ చెప్పకుండానే పట్టుకునే చెవి, ఇంకా కుదురుకోకముందే పోతుంది.